మెసోథెలియోమా గురించి నమ్మదగిన వైద్య సమాచారం ఎలా వెతకాలి?

“నాన్నకి బయాప్సీ చేశారు, రిపోర్టులో మెసోథెలియోమా అని వచ్చింది. నెట్‌లో చూస్తే ఒక్కోచోట ఒక్కోలా రాశారు. ఏది నమ్మాలి?” కాస్త అటూ ఇటూగా ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. ఎవరికి వాళ్లకి విడిగా జవాబు రాస్తుంటే ప్రతిసారీ ముఖ్యమైనది ఏదో ఒకటి మిగిలిపోతోంది. అందుకే మొత్తం ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం తెలుసుకోండి. ఈ జబ్బు ఒక రకం క్యాన్సర్. చాలా అరుదు, అయినా దీని గురించిన రాతలకు కొదవ లేదు. ఆస్బెస్టాస్ (పైకప్పు రేకుల్లాంటి వాటిలో వాడే పీచులాంటి ఖనిజం) వల్ల జబ్బుపడ్డవాళ్లు కంపెనీల మీద నష్టపరిహారం కేసులు వేస్తారు, ముఖ్యంగా అమెరికాలో. దాంతో ఈ పేరు టైప్ చేసే ప్రతి మనిషీ అక్కడి లాయర్లకు రాబోయే క్లయింటు. ఇంటర్నెట్ ప్రకటనల్లో బాగా ఖరీదైన మాటల్లో ఇదొకటని ఏళ్లుగా పేరు. అందువల్ల వెతగ్గానే పైన వచ్చేవాటిలో చాలా పేజీలు చూడటానికి హాస్పిటల్ పేజీల్లా ఉంటాయి, నడిపేది మాత్రం లాయర్ల సంస్థలు. కాబట్టి ఏం రాశారో చదివే ముందు ఎవరు రాశారో చూడాలి. కింద చెప్పేదంతా దాదాపు ఈ ఒక్క అలవాటు చుట్టూనే తిరుగుతుంది.

జబ్బు గురించి ఇక్కడ అవసరమైనంత వరకే చెబుతాను. ఊపిరితిత్తులు, పొట్టలోని అవయవాలు, గుండె చుట్టూ ఉండే పల్చటి పొరకు వచ్చే క్యాన్సర్ ఇది. ఎక్కువమందికి ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరలో (ప్లూరా) వస్తుంది. కొందరికి పొట్ట లోపలి పొరలో (పెరిటోనియం) వస్తుంది. మిగతా చోట్ల రావడం మరీ అరుదు. ప్రధాన కారణం ఆస్బెస్టాస్ ధూళి పీల్చడం. పీల్చిన 20 నుంచి 50 ఏళ్ల తర్వాత బయటపడటం మామూలే. అందుకే “ఎప్పుడో వదిలేసిన పని, ఇప్పుడెలా వస్తుంది” అని చాలామంది ఆశ్చర్యపోతారు.

కావలసినవి

- బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు పూర్తి కాపీ. డిశ్చార్జి సమ్మరీలో రాసిన ఒక్క లైను సరిపోదు.
- సీటీ లేదా పెట్ స్కాన్ రిపోర్టు. ఫిల్ములు కాదు, డాక్టరు రాసిచ్చిన కాగితం.
- ఒక నోటుబుక్కు లేదా ఫోన్‌లో ఒక ఫైలు. చదివిన ప్రతి ముఖ్యమైన మాట పక్కన ఎక్కడ చదివారో, ఆ పేజీ తేదీ ఏమిటో రాయాలి.
- ఇంగ్లీషు కొంచెం చదవగలిగిన మనిషి ఒకరు. వైద్యం చదివి ఉండక్కర్లేదు.
- జబ్బుపడ్డ మనిషి అనుమతి. ఇది లాంఛనం కోసం చెప్పడం లేదు. కొందరికి ప్రతి వివరం కావాలి, కొందరికి అంకెలు వద్దు. “నేను వెతుకుతాను, నీకు ఎంతవరకు చెప్పమంటావు?” అని ముందే అడగండి.

1. వెతకడం ఆపి, ముందు రిపోర్టు చదవండి

నోటుబుక్కులో మొదటి పేజీ మీద నాలుగు విషయాలు రాసుకోండి: జబ్బు ఏ పొరలో ఉంది, కణాల రకం ఏమిటి, నిర్ధారణ దేనిమీద చేశారు, స్టేజి చెప్పారా లేదా.

కణాల రకం అంటే రిపోర్టులో ఎపిథెలియాయిడ్, సార్కోమటాయిడ్, బైఫేసిక్ అనే మూడింట్లో ఒకటి ఉంటుంది. ఎక్కువమందిలో కనిపించేది ఎపిథెలియాయిడ్. మూడింట్లో కాస్త నెమ్మదిగా సాగేదీ, మందులకు మెరుగ్గా లొంగేదీ మామూలుగా అదే. సార్కోమటాయిడ్ మొండిది. బైఫేసిక్‌లో రెండు రకాల కణాలూ కలిసి ఉంటాయి. ఈ ఒక్క మాట తెలియకుండా నెట్‌లో ఎన్ని గంటలు చదివినా మీ మనిషికి వర్తించేది ఏదో, వర్తించనిది ఏదో తేలదు.

రిపోర్టు కింది భాగంలో కొన్ని పరీక్షల పేర్లు వరసగా ఉంటాయి. చాలామందికి టెన్షన్ పుట్టేది అక్కడే. ఉదాహరణకి: కాల్‌రెటినిన్ పాజిటివ్, డబ్ల్యూటీ-1 పాజిటివ్, టీటీఎఫ్-1 నెగటివ్, బీఏపీ1 లాస్. ఇక్కడ పాజిటివ్ అంటే జబ్బు ముదిరిందని అర్థం కాదు. ముక్కకు రంగు వేసినప్పుడు ఆ ప్రొటీన్ కనబడిందని మాత్రమే. మొదటి రెండూ కణాలు ఈ పొరకు చెందినవని సూచిస్తాయి. టీటీఎఫ్-1 నెగటివ్ అంటే ఊపిరితిత్తిలోనే పుట్టే అడెనోకార్సినోమా అనే వేరే క్యాన్సర్ అయ్యే అవకాశం తగ్గిందని. బీఏపీ1 కనబడకపోతే అది మామూలు వాపు కాదు, క్యాన్సరే అనడానికి బలం చేకూరుతుంది. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా తీర్పు చెప్పదు. నాలుగైదు కలిపి చూసి పాథాలజిస్టు (ముక్కను మైక్రోస్కోపు కింద పరీక్షించే డాక్టరు) నిర్ణయిస్తారు.

జాగ్రత్త: ఛాతీలోంచి తీసిన నీటి పరీక్ష ఒక్కదాని మీదే నిర్ధారణ చేసి ఉంటే, ముక్క తీసి పరీక్షించే అవసరం ఉందా అని డాక్టర్ని అడగండి. నీటిలో కణాలు దొరకనంత మాత్రాన జబ్బు లేదని కాదు. దొరికినా, జబ్బు రకం తేల్చడానికి చాలాసార్లు ముక్క కావాల్సి వస్తుంది.

దగ్గర దగ్గరగా వినిపించే పేర్లు ఇంకొన్ని ఉన్నాయి. ప్లూరల్ ప్లాక్స్ అంటే ఆస్బెస్టాస్ వల్ల పొర మీద ఏర్పడే గట్టి మచ్చలు. అవి క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేవీ కాదు. ఆస్బెస్టోసిస్ అంటే ఊపిరితిత్తులు గట్టిపడటం. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే లంగ్ క్యాన్సర్ మళ్లీ వేరు, దాని మందులూ వేరు. ‘వెల్ డిఫరెన్షియేటెడ్ పాపిలరీ’ అనే మాటలతో మొదలయ్యే అరుదైన గడ్డ పేరులో కూడా ఒకప్పుడు మెసోథెలియోమా అనే ఉండేది. అది చాలా నెమ్మదైన గడ్డ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణలో దాని పేరే మార్చారు. మీ రిపోర్టులో ఉన్నది వీటిలో ఏది? ఇది తేలాకే రెండో మెట్టుకి వెళ్లండి.

2. సెర్చ్ బాక్సుతో మొదలుపెట్టకండి, తెలిసిన చోటికి నేరుగా వెళ్లండి

మొదటి రోజు ఈ కింది వాటిలో రెండు చదివితే చాలు.

అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల క్యాన్సర్ డాట్ గవ్ మొదటిది. అందులో పీడీక్యూ అనే సారాంశాలుంటాయి. ఒకే జబ్బుకు రోగుల కోసం ఒకటి, డాక్టర్ల కోసం ఇంకొకటి రాసి పెడతారు. రోగుల కోసం రాసింది పూర్తిగా చదవండి. అర్థమయ్యాక డాక్టర్ల కోసం రాసిన దానిలో చికిత్స భాగం ఒక్కటి చూడండి. ప్రతి సారాంశం చివర ఎప్పుడు సవరించారో తేదీ ఉంటుంది.

రెండోది బ్రిటన్ నుంచి. క్యాన్సర్ రీసెర్చ్ యూకే, మాక్‌మిలన్, మెసోథెలియోమా యూకే అనే స్వచ్ఛంద సంస్థలు మూడూ నమ్మదగినవే. చివరిది ఈ ఒక్క జబ్బు కోసమే పనిచేస్తుంది. ఆయాసం, నొప్పి, ఆకలి లేకపోవడం లాంటి రోజువారీ బాధల గురించి దాని పేజీల్లో బాగా రాస్తారు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ పేజీలు కూడా ఇంగ్లీషు తేలిగ్గా ఉండి ఇంట్లో అందరూ చదువుకోవడానికి వీలుగా ఉంటాయి.

ఒకటి అమెరికాది, ఒకటి బ్రిటన్‌ది చదవమనడానికి కారణం ఉంది. రెండు దేశాల వైద్య వ్యవస్థలు వేరు, రాసేవాళ్లు వేరు. రెండుచోట్లా ఒకేలా ఉన్న విషయం దాదాపు స్థిరపడిందని అనుకోవచ్చు. తేడా కనిపిస్తే దాన్ని ప్రశ్నగా రాసుకోండి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లడానికి పనికొస్తుంది.

సెర్చ్ చేయక తప్పనప్పుడు పేరును రిపోర్టులోంచి అక్షరం అక్షరం చూసి టైప్ చేయండి. పక్కన పొర పేరు, కణాల రకం, ‘గైడ్‌లైన్’ లేదా ‘ట్రీట్‌మెంట్’ అనే మాట చేర్చండి. ‘క్యూర్’, ‘బెస్ట్’, ‘మిరకిల్’ లాంటి మాటలు చేర్చారంటే మీకు ఏదో ఒకటి అమ్మేవాళ్లే ముందు కనిపిస్తారు. ‘స్పాన్సర్డ్’ అని ఉన్న ఫలితాలను దాటేయండి.

ఇంగ్లీషు కష్టమైతే బ్రౌజర్‌లో అనువాదం పెట్టుకుని చదవండి, విషయం స్థూలంగా అర్థమవుతుంది. అంకెలూ, మందుల పేర్లూ, ‘కాదు’, ‘లేదు’ అనే మాటలు వచ్చిన వాక్యాలను మాత్రం మూలంలో చూసి ఖాయం చేసుకోండి. యంత్రం తడబడేది ఎక్కువగా అక్కడే.

3. పేజీ అడుగుకి వెళ్లి యజమాని ఎవరో చూడండి

కొత్త పేజీ తెరవగానే పైనుంచి చదవడం మొదలుపెట్టకండి. వేలితో లాగుతూ చివరికి వెళ్లండి. చిన్న అక్షరాల్లో ఉన్న పేరా చదవండి. ‘అటార్నీ అడ్వర్టైజింగ్’, ‘స్పాన్సర్డ్ బై’ అని ఉండి పక్కన ఒక లా ఫర్మ్ పేరు ఉంటే అసలు సంగతి తెలిసిపోయినట్టే. అక్కడ లేకపోతే ‘అబౌట్ అజ్’ తెరవండి.

ఇంకొన్ని గుర్తులు చెబుతాను. పేజీ తెరిచిన కొన్ని సెకన్లకే చాట్ బాక్సు వచ్చి “ఎప్పుడు ఆస్బెస్టాస్‌తో పనిచేశారు?” అని అడుగుతుంది. ఉచితంగా పుస్తకం పంపుతామని చెప్పి అడ్రసు, ఫోన్ నంబరు తీసుకుంటారు. ‘ఉచిత కేస్ రివ్యూ’ అనే బటన్ ప్రతి పేరా తర్వాతా కనిపిస్తుంది. పైన తెల్లకోటు వేసుకున్న డాక్టరు ఫొటో, ‘మెడికల్లీ రివ్యూడ్’ అనే ముద్ర కూడా ఉండవచ్చు. డాక్టరు నిజంగానే చదివి ఉండవచ్చు కూడా. కానీ ఏ విషయం పెట్టాలి, ఏది వదిలేయాలి అని నిర్ణయించేది యజమానే.

ఇలాంటి పేజీల్లో రాసిందంతా అబద్ధమని నేను అనడం లేదు. కొన్ని శ్రద్ధగా రాసినవే. నష్టపరిహారం అడగడం రోగి హక్కు, దానికి లాయరు సాయం కావలసి రావచ్చు. దానికి గడువులుంటాయి కాబట్టి పక్కన పెట్టేయమని కూడా చెప్పను. ఆ పని వేరుగా, మీరు ఎంచుకున్న సమయంలో, మీరు ఎంచుకున్న లాయరుతో చేయండి. వైద్యం గురించి చదువుతూ చదువుతూ ఫోన్ నంబరు ఇచ్చేయకండి.

డాట్ గవ్ చిరునామా అమెరికా ప్రభుత్వ సంస్థలకే దొరుకుతుంది. డాట్ ఆర్గ్ అలా కాదు, ఎవరైనా కొనుక్కోవచ్చు. దాన్ని చూసి సేవాసంస్థ అని నమ్మేయకండి. ఆరోగ్య వెబ్‌సైట్లకు హాన్‌కోడ్ అనే ముద్ర ఒకటి ఇచ్చేవారు. దాన్ని ఇచ్చే సంస్థ 2022లోనే మూతపడింది. ఇప్పటికీ ఆ ముద్ర చూపించే పేజీని ఈమధ్య ఎవరూ సరిచూడలేదని అర్థం.

4. తేదీ చూడండి, తేదీ అబద్ధం చెప్పినా పట్టుకోండి

‘ఈ నెల సవరించాం’ అని రాయడం తేలిక. లోపలి విషయం నిజంగా కొత్తదేనా అని చూడటానికి ఈ మైలురాళ్లు గుర్తుపెట్టుకోండి.

2004: పెమెట్రెక్సెడ్, సిస్‌ప్లాటిన్ కలిపి ఇచ్చే కీమోకి అమెరికాలో అనుమతి.
2020 అక్టోబర్: నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే రెండు ఇమ్యునోథెరపీ (శరీరంలోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే) మందుల జంటకి, ఆపరేషన్ వీలుకాని ప్లూరల్ మెసోథెలియోమాకి మొదటి చికిత్సగా అనుమతి.
2024 సెప్టెంబర్: కీమోకి పెంబ్రోలిజుమాబ్ అనే ఇంకో ఇమ్యునోథెరపీ మందు చేర్చి ఇవ్వడానికి అనుమతి.
2024లోనే బ్రిటన్‌లో చేసిన మార్స్ 2 అనే పెద్ద ట్రయల్ (రోగుల మీద చికిత్సలను పోల్చి చూసే పరిశోధన) ఫలితాలు అచ్చయ్యాయి. కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లనూ, కీమోతో పాటు ఊపిరితిత్తి పొరను తీసేసే పెద్ద ఆపరేషన్ చేయించుకున్నవాళ్లనూ పోల్చారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఎక్కువ కాలం బతకలేదు, వాళ్లలో తీవ్రమైన ఇబ్బందులు ఎక్కువగా వచ్చాయి. ఈ ఫలితాల మీద సర్జన్ల మధ్య ఇంకా చర్చ నడుస్తోంది.

ఇప్పుడు పేజీని పరీక్షించండి. చికిత్స భాగంలో ఇమ్యునోథెరపీ ప్రస్తావనే లేదా? అయితే పైన ఏ తేదీ ఉన్నా ఆ రాత 2020కి ముందుది. ఊపిరితిత్తి పొర ఆపరేషనే పెద్ద ఆశ అని రాసి మార్స్ 2 పేరైనా ఎత్తలేదా? సగం కథే చెబుతున్నారు. ‘తెల్ల ఆస్బెస్టాస్ వల్ల ప్రమాదం లేదు’ అన్నారా? ఆ పేజీ మూసేయండి. తెల్ల ఆస్బెస్టాస్‌తో సహా అన్ని రకాలూ మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఐఏఆర్‌సీ, తేల్చి చెప్పింది.

ఇవి అమెరికా అనుమతుల తేదీలు. ఒక మందుకి అక్కడ అనుమతి ఉంటే మీ దగ్గర దొరుకుతుందని కాదు. దొరికినా మీ మనిషికి సరిపోతుందని కాదు.

పొట్ట పొరలో వచ్చిన జబ్బుకి లెక్క వేరు. అక్కడ కనిపించే గడ్డలను వీలైనంతవరకు తీసేసి, వేడి చేసిన కీమో మందును పొట్టలోకే పంపే చికిత్స ఎంపిక చేసిన రోగులకు ముఖ్యమైనది. ఆ వేడి కీమోను హైపెక్ అంటారు. ప్లూరా గురించిన ఆపరేషన్ వార్త చదివి పొట్ట పొర రోగికి అన్వయించుకోవడం, అటుది ఇటు అన్వయించుకోవడం ఈ జబ్బులో చాలా ఎక్కువగా జరిగే పొరపాటు.

5. అంకెలు కనిపిస్తే ఆగండి

నెట్‌లో మొదట కళ్లబడేవి ‘మీడియన్ సర్వైవల్ ఇన్ని నెలలు’ అనే మాటలు. అవి చదివి రాత్రంతా నిద్రపోనివాళ్లు ఉన్నారు. మీడియన్ అంటే సగంమంది ఆ గీతకు ఇటు, సగంమంది అటు అని. అది ఎవరి గడువూ కాదు. గీతకు అటువైపు ఉన్నవాళ్లు ఎంత దూరం వెళ్లారో ఆ ఒక్క అంకె చెప్పదు.

స్టీఫెన్ జే గౌల్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తకు 1982లో పొట్ట పొర మెసోథెలియోమా అని తేలింది. అప్పటి వైద్య రచనల్లో ఆయనకు కనబడిన మీడియన్ 8 నెలలు. ఆ తర్వాత ఆయన 20 ఏళ్లు బతికారు. 2002లో చనిపోయింది వేరే క్యాన్సర్‌తో. అందరికీ అలా జరుగుతుందని కాదు, అలా జరగడం అరుదే. కానీ ఆ రోజు 8 అనే అంకె ఆయన భవిష్యత్తును చెప్పలేకపోయిందన్నది నిజం.

ఇప్పుడు ఒక వార్తను పట్టుకుని మొదలుదాకా వెళ్లి చూద్దాం. ఇది మీరూ చేయగలిగిన పనే. ఎక్కడో ఇలా చదివారనుకోండి: “కొత్త ఇమ్యునోథెరపీ మరణాల ముప్పును 26 శాతం తగ్గించింది.” ఇది నిజమే, ‘చెక్‌మేట్ 743’ అనే ట్రయల్ ఫలితం. అసలు పత్రం తీస్తే ఇలా ఉంటుంది. అందులో పాల్గొన్నవాళ్లు 605 మంది. అందరిదీ ఆపరేషన్ వీలుకాని ప్లూరల్ జబ్బే, పొట్ట పొర రోగులు లేరు. ఇమ్యునోథెరపీ తీసుకున్నవాళ్ల మీడియన్ 18.1 నెలలు, కీమో తీసుకున్నవాళ్లది 14.1 నెలలు. అంటే మీడియన్‌లో తేడా 4 నెలలు. 26 శాతం, 4 నెలలు రెండూ ఒకే ఫలితాన్ని చెప్పే రెండు పద్ధతులు. శీర్షికలో పెద్దగా కనిపించేదాన్నే పెడతారు.

ఇంకా లోపలికి వెళ్లండి. ఎపిథెలియాయిడ్ కాని రకాల్లో 18.1 నెలలు, 8.8 నెలలు అని తేడా చాలా ఎక్కువ. ఎపిథెలియాయిడ్ రకంలో 18.7, 16.5. తేడా చిన్నది. మొదటి మెట్టులో కణాల రకం రాసుకోమన్నది ఇందుకే. ఒకే శీర్షిక ఇద్దరు రోగులకు వేర్వేరు అర్థాలు ఇస్తుంది.

ఏ అంకె కనిపించినా నాలుగు ప్రశ్నలు వేయండి. ఎవరి మీద లెక్కించారు? దేనితో పోల్చారు? ఏ సంవత్సరాల్లో రోగులు? ఏ పొర, ఏ రకం? ‘5 ఏళ్లు బతికినవాళ్ల శాతం’ అనేది ఎప్పుడూ కొన్నేళ్ల కిందట జబ్బు తేలినవాళ్ల లెక్కే అవుతుంది. నిన్న మొన్న వచ్చిన మందుల ప్రభావం అందులో పూర్తిగా కనిపించదు.

6. పరిశోధనా పత్రాలు చదవాలనుకుంటే

అందరికీ ఇది అవసరం లేదు. మొదటి ఐదు మెట్లు సరిగ్గా చేస్తే చాలామందికి సరిపోతుంది. చదవాలనుకుంటే ముందు గైడ్‌లైన్లు చూడండి. ఒక్కొక్క పత్రంగా చదవాల్సిన పనిని నిపుణుల బృందం మీ తరఫున చేసి పెట్టి ఉంటుంది. యూరప్‌లో ఎస్మో, అమెరికాలో ఆస్కో, ఎన్‌సీసీఎన్, బ్రిటన్‌లో బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ అనే వైద్య నిపుణుల సంస్థలు ఈ జబ్బుకు గైడ్‌లైన్లు ఇచ్చాయి. ఎన్‌సీసీఎన్ గైడ్‌లైన్లలో రోగుల కోసం రాసినవీ ఉంటాయి.

ఆ తర్వాత పబ్‌మెడ్, అంటే వైద్య పరిశోధనా పత్రాలను వెతికే వెబ్‌సైటు. అందులో జబ్బు పేరు, పొర పేరు టైప్ చేసి, పక్కనుండే ఫిల్టర్లలో ‘సిస్టమాటిక్ రివ్యూ’ (ఒక విషయం మీద వచ్చిన పత్రాలన్నీ కలిపి చూసే సమీక్ష) లేదా ‘రాండమైజ్డ్ కంట్రోల్డ్ ట్రయల్’ (రోగులను లాటరీ పద్ధతిలో గుంపులు చేసి పోల్చే ట్రయల్), గత 5 ఏళ్లు ఎంచుకోండి. పత్రం మొత్తం ఉచితంగా కావాలంటే ‘ఫ్రీ ఫుల్ టెక్స్ట్’ నొక్కండి. పబ్‌మెడ్‌లో ఉన్నంత మాత్రాన ఆ పత్రానికి ఎవరూ హామీ ఇచ్చినట్టు కాదు. అది జాబితా మాత్రమే. వెనక్కి తీసుకున్న పత్రమైతే పైన ‘రిట్రాక్టెడ్’ అని స్పష్టంగా చూపిస్తుంది, అది ఒకసారి చూసుకోండి.

ఎలుకల మీదా, గాజు పాత్రలో కణాల మీదా చేసిన పని చదివి ఆశ పెంచుకోవద్దు. అక్కడ పనిచేసినవాటిలో చాలా భాగం మనుషుల దాకా రావు. ‘ఒక రోగికి పూర్తిగా తగ్గింది’ అనే కేస్ రిపోర్టు నిజమే కావచ్చు. కానీ తగ్గనివాళ్ల గురించి అలా ఎవరూ రాయరు. ప్రిప్రింట్ అని ఉంటే ఇంకా ఏ నిపుణుడూ సరిచూడలేదని అర్థం.

7. క్లినికల్ ట్రయల్స్

క్లినికల్ ట్రయల్స్ డాట్ గవ్‌లో జబ్బు పేరు, దేశం పెట్టి వెతకండి. ప్రతి ట్రయల్‌కూ ఎన్‌సీటీ అనే అక్షరాల తర్వాత 8 అంకెల నంబరు ఉంటుంది. ఆ నంబరు రాసుకుంటే డాక్టరుకు చూపించడం సులువు. ‘రిక్రూటింగ్’ అని ఉన్నవే ప్రస్తుతం రోగులను తీసుకుంటున్నవి. ‘యాక్టివ్, నాట్ రిక్రూటింగ్’ అంటే జరుగుతోంది కానీ కొత్తవాళ్లను తీసుకోవడం లేదు. వేర్వేరు దేశాల రిజిస్ట్రీలను ఒకచోట వెతకాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీటీఆర్‌పీ ఉంది.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. రిజిస్ట్రీలో పేరు ఉన్నంత మాత్రాన ఆ ట్రయల్‌ను ప్రభుత్వం మంచిదని ఒప్పుకున్నట్టు కాదు. వివరాలు ఇచ్చేది దాన్ని నడిపేవాళ్లే. ప్రయోగంలో ఉన్న చికిత్సకు రోగి దగ్గర పెద్ద మొత్తం అడుగుతున్నారంటే, ముందు మీ క్యాన్సర్ డాక్టరుకి ఆ నంబరు చూపించండి. చూపించేదాకా పైసా కట్టకండి.

8. గ్రూపులు, వీడియోలు, ఏఐ చాట్‌బాట్‌లు

రోగుల గ్రూపుల్లో ధైర్యం దొరుకుతుంది. కీమో తర్వాత వాంతులకు ఏం పనిచేసింది, ఛాతీలో ట్యూబు పెట్టినప్పుడు ఎలా పడుకున్నారు లాంటి విషయాలు డాక్టర్ల పేజీల్లో ఉండవు, అక్కడే ఉంటాయి. మందు మార్చాలా, ఆపాలా అనేది మాత్రం అక్కడ తేల్చుకోకండి.

చాట్‌బాట్‌లు కష్టమైన పేరాను తేలిక మాటల్లో చెప్పడానికి బాగా పనికొస్తాయి. అవి పత్రాల పేర్లు చెబితే మాత్రం ఒక్కొక్కటీ పబ్‌మెడ్‌లో వెతకండి. లేని పత్రాన్ని రచయితలతో, సంవత్సరంతో సహా ఉన్నట్టే చెప్పేయగలవు. పత్రం నిజంగా ఉన్నా, అందులో అదే రాసి ఉందా అన్నది ఇంకో ప్రశ్న. సారాంశం తెరిచి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. రోగి పేరు, ఆసుపత్రి నంబరు ఉన్న రిపోర్టు ఫొటోను అలాగే అప్‌లోడ్ చేయకండి, ఆ భాగం మూసేసి పెట్టండి.

వీడియోల్లో మూలికలు, ఆహార నియమాలు, ‘క్యాన్సర్ మూలాన్ని తొలగించే’ పొడులు చెబుతుంటారు. చూడవద్దని ఇంట్లో పెద్దవాళ్లతో గొడవ పడి లాభం లేదు. “సరే, దీన్ని డాక్టరుకి చూపించి మొదలుపెడదాం” అనండి. కొన్ని మూలికలు కీమో మందులతో పడవు, కాలేయం మీదా కిడ్నీల మీదా భారం పెంచుతాయి. పెమెట్రెక్సెడ్ ఇచ్చేటప్పుడు డాక్టర్లే ఫోలిక్ యాసిడ్, బి12 ఇస్తారు. వాటిని ‘విటమిన్లే కదా’ అని మానేయకూడదు, ఇంకో విటమిన్ ఏదైనా సొంతంగా చేర్చకూడదు.

9. చదివినదాన్ని డాక్టరు దగ్గర సరిచూసుకోండి

ప్రింటవుట్ల కట్ట తీసుకెళ్లకండి. ఒకే కాగితం మీద ఐదారు ప్రశ్నలు రాయండి. ‘నెట్‌లో ఇలా ఉంది’ అనడం కంటే “ఎస్మో గైడ్‌లైన్‌లో ఇలా చదివాను, మా నాన్నగారికి ఇది వర్తిస్తుందా?” అని అడిగితే మాట ముందుకు సాగుతుంది. ఇవి అడగదగినవి:

- కణాల రకం ఖాయమేనా? ఈ జబ్బు ఎక్కువగా చూసే పాథాలజిస్టుతో స్లైడ్లు మళ్లీ చూపించడం మంచిదా?
- సర్జన్, ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టరు), ఊపిరితిత్తుల డాక్టరు కలిసి ఈ కేసు చర్చించారా?
- ఈ రకానికి ఇమ్యునోథెరపీ ముందా, కీమో ముందా, రెండూ కలిపా? ఎందుకు?
- ఆపరేషన్ చెబుతుంటే, మార్స్ 2 ఫలితాలు చూశాక కూడా మా మనిషికి ఎందుకు మంచిదనుకుంటున్నారు?
- ఛాతీలో నీరు మళ్లీ చేరితే ఏం చేస్తారు? నొప్పి, ఆయాసం చూసే పాలియేటివ్ బృందం ఇప్పటినుంచే ఉంటుందా?

స్లైడ్లు రెండోసారి చూపించమని అడగడం డాక్టర్ని అవమానించడం కాదు. ఇది పాథాలజిస్టులకే కష్టమైన జబ్బు. ఫ్రాన్స్‌లో ఈ నిర్ధారణలను మళ్లీ పరిశీలించడానికి మెసోపాథ్ అనే నిపుణుల నెట్‌వర్కే ఉంది.

పని సరిగ్గా జరిగిందని ఎలా తెలుస్తుంది?

నోటుబుక్కు తెరిచి చూడండి. ముఖ్యమైన ప్రతి మాట పక్కనా ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అనే రెండూ ఉన్నాయా? చికిత్స గురించిన ప్రతి మాటా ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చోట్ల దొరికిందా? ఇక్కడొక మెలిక ఉంది. పది పేజీల్లో ఒకే వాక్యం కనిపిస్తే అది పది సాక్ష్యాలు కాకపోవచ్చు. ఒకరి దగ్గర్నుంచి ఒకరు ఎత్తిరాసుకుని ఉంటారు. వాక్యాన్ని కోట్ గుర్తుల్లో పెట్టి వెతకండి, మాటకు మాట అదే వస్తే ఒకటిగానే లెక్కపెట్టండి.

చదివినదాన్ని ఇంట్లో ఒకరికి ఐదు నిమిషాల్లో చెప్పి చూడండి. ఏ పొర, ఏ రకం, ఇప్పుడు ఏ చికిత్సలు ఎదురుగా ఉన్నాయి, డాక్టర్ని ఏం అడగాలి అనే నాలుగూ తడుముకోకుండా చెప్పగలిగితే వెతకడం ఆపేయవచ్చు. తడుముకున్న చోటుకే మళ్లీ వెళ్లండి, మొదటినుంచి కాదు. ఆ తర్వాత కొత్త స్కాన్ వచ్చినప్పుడో, డాక్టరు చికిత్స మార్చినప్పుడో మళ్లీ తెరిస్తే చాలు.

వెతకడం పూర్తికాలేదని అపాయింట్‌మెంటు వాయిదా వేయకండి. ఆయాసం ఒక్కసారిగా పెరిగినా, కీమో జరుగుతున్నప్పుడు జ్వరం వచ్చినా ఫోన్ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.